చందాదారుల లెక్కలో తెలుగు

చందా యను మాట మన సంఘమువారికి కొత్తది కాదు. సంఘమునకు చందా, ఈ పత్రికకు చందా, శ్రీరామనవమి పందిటికి చందా యిచ్చుచునే మన పెద్దలు తెలుగునాటికి వెలుపల మన భాషను నిలుపుకొనుచు వచ్చిరి. నేడు మనలో పెక్కుమంది యిండ్లలో ఈ మూడింటికంటె ఎక్కువ సొమ్ము మఱియొక చందాకు పోవుచున్నది. అది టెలివిజనులోను, చేతిలోని ఫోనులోను సినిమాలు చూపు స్ట్రీమింగు సంస్థలకు, అనగా ఓ.టి.టి.లకు, కట్టు చందా. ఆ చందాను గూర్చియు, దానికి బదులుగా మనము అడిగి పుచ్చుకొనవలసిన దానిని గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచితిని.

నెల దినముల క్రిందట హోసూరులోని మా యింట అందరమును కూర్చుండి ఒక తెలుగు చిత్రము చూచితిమి. చిత్రము పేరు పెద్ద తెలుగు అక్షరములతో తెర నిండ పడినది. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా చిన్నవాడు, "నాయనా, అది యేమని వ్రాసినారు?" అని యడిగినాడు. వాడు ఇంట తెలుగే మాటలాడును. అవ్వతో పోట్లాడునది కూడ తెలుగుననే. తమిళము చక్కగా చదువును, ఇంగ్లీషు చదువును. తన యింటి భాషలోని నాలుగు అక్షరములు మాత్రము వానికి బొమ్మలవలె కనబడినవి. ఆ పూట నాకు సినిమా రుచింపలేదు.

తప్పు వానిది కాదు. వానికి పలక పట్టించని నాది. కాలమును కొంత మారినది. తమిళనాట తమిళమును బడులలో తప్పనిసరి చేయుచు 2006లో వచ్చిన చట్టము ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున పైకెక్కి, 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళము నేర్చుకొనుటవలన మనకు నష్టము లేదు. మనకు అన్నము పెట్టిన భాష అది. అయితే బడిలో తెలుగునకు చోటు తగ్గినకొలది ఇంటిలో దానికి చోటు పెంచవలసిన భారము మనపై పడినది. కర్ణాటకలో కన్నడము, బరంపురమున ఒరియా, షోలాపురమున మరాఠీ చదువుకొను మన పిల్లల సంగతియు ఇంచుమించుగా ఇట్టిదే.

ఇక ఈ స్ట్రీమింగు వ్యాపారమును చూడుడు. 2015లో హాట్‌స్టార్ వచ్చినది. 2016లో నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ వీడియో మన దేశమున కొట్లు తెరచినవి. తరువాత సన్ నెక్స్ట్, జీ5 వచ్చినవి. 2020లో తెలుగు చిత్రములే పెట్టుబడిగా ఆహా పుట్టినది. ఒకే బజారులో ఇన్ని కొట్లు వెలసినపుడు ఏమి జరుగునో వ్యాపారస్థులమగు మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఒకడు ధర దించును. ఒకడు ఊరకనే యిచ్చును. కడకు ఇద్దరు కలసి ఒకే బోర్డు కట్టుదురు.

జరిగినది సరిగా అదియే. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ఫోనులో మాత్రమే చూచు చందాను నెలకు 199 రూపాయలనుండి 149కి దించినది. ఆ నెలలోనే అమెజాన్ తన ప్రైమ్ చందాను ఏడాదికి 999 రూపాయలనుండి 1499కి పెంచినది. 2022 జూన్ నెలలో జరిగిన వేలములో ఐ.పి.ఎల్. క్రికెట్టును ఇంటర్నెట్టు ద్వారా చూపు హక్కు హాట్‌స్టార్ చేయి దాటి వయాకామ్18కు పోయినది. వారు 2023లో ఆ ఆటలను జియో సినిమాలో ఉచితముగా చూపిరి. 2022 అక్టోబరు మొదట 6 కోట్ల 13 లక్షలుగానున్న హాట్‌స్టార్ చందాదారుల సంఖ్య, 2023 సెప్టెంబరు చివరకు 3 కోట్ల 76 లక్షలకు దిగినది. 2024 నవంబరులో ఆ రెండు వ్యాపారములును ఏకమైనవి. 2025 ఫిబ్రవరి 14న జియో హాట్‌స్టార్ అను ఒకే బోర్డు వెలసినది. ఉచితమునకు అలవాటుపడినవారు ఆ యేడు ఆటను పూర్తిగా చూచుటకు చందాయైన కట్టవలసివచ్చెను, చందా కలసిన ఫోను రీచార్జియైన చేయించుకొనవలసివచ్చెను.

ఇందు మనము నేర్చుకొనదగిన దొకటి గలదు. ఖాతాదారుడు కదలినపుడే కొట్టు కదలును. 2022 మొదటి మూడు నెలలలో నెట్‌ఫ్లిక్స్‌కు ప్రపంచమంతటను కలిపి 2 లక్షల చందాదారులు తగ్గిరి. అప్పటికి వారి చందాదారులు 22 కోట్లకు పైబడియుండిరి. కోట్ల ముందర 2 లక్షలెంత? అయినను ఆ సంస్థ తన పద్ధతులనే మార్చుకొనినది. ప్రకటనలతో కూడిన తక్కువ ధర చందాను కొన్ని దేశములలో ఆ యేడే మొదలుపెట్టినది. ఒకరి ఖాతాను పదిమంది పంచుకొనుటను మరుసటి యేడు అరికట్టినది. 2024 చివరకు 30 కోట్లు దాటినది. అట్లు లెక్కకు లొంగువారిని లెక్కగానే కదిలింపవలెను. మన కోరిక వారి చిట్టాలోని కెక్కవలెను.

మఱి ఆ చిట్టాలో మనము ఏ భాషవారము? ఒకే చిత్రము నాలుగైదు భాషల గొంతులతో వచ్చుచున్నది. 2022 మే నెలలో ఆర్.ఆర్.ఆర్. చిత్రము హిందీ గొంతుతో నెట్‌ఫ్లిక్స్‌లోను, తెలుగుతో జీ5లోను వచ్చినది. మనవారు తీసిన చిత్రమును విదేశములలో ఎందఱో హిందీలో చూచి మెచ్చుకొనిరి. అది వారికి తప్పు కాదు. కాని మన యింటనే పిల్లలు తెలుగు చిత్రమును తమిళములోనికో, హిందీలోనికో మార్చుకొని చూచినచో, ఆ చూపు తెలుగు ఖాతాలో పడదు. చందా మనది, లెక్క మఱియొకరిది యగును.

నేను ప్రధానముగా అడుగదలచినది మఱియొకటి. మా యింట చూచినంతవరకు తెలుగు చిత్రముల అడుగున పడు సబ్‌టైటిల్సు ఇంచుమించు అన్నియు ఇంగ్లీషువే. తెలుగు మాటకు తెలుగు అక్షరములే అడుగున పడినచో ఎంత మేలో ఆలోచింపుడు. ఇది నా ఊహ కాదు. అహమ్మదాబాదులోని ఐ.ఐ.ఎం.లో బ్రిజ్ కొఠారీగారు 1996లోనే ఈ పద్ధతిని తలపెట్టిరి. 1999లో అహమ్మదాబాదు దూరదర్శన్‌లో గుజరాతీ సినిమా పాటలకు గుజరాతీ అక్షరములను చేర్చిరి. తరువాత హిందీ చిత్రహార్ కార్యక్రమమునకును చేర్చిరి. చెవికి తెలిసిన మాటను కన్ను వెంబడించుటయే అందలి కిటుకు. మన పిల్లలకు చెవిలో తెలుగు నిండుగా నున్నది, కంటికే లేదు.

"సినిమా చూచి చదువు వచ్చునా? ముందు పలక పట్టింపుడు" అని కొందఱు పెద్దలందురు. వారి మాట సత్యము. ఓనమాలు ఇంటనే దిద్దింపవలెను. అయితే కూడబలుకుకొని చదువువానికి నిత్యము చదువుటకేదైన కావలెను గదా! పుస్తకము తెరువని పిల్లవాడు తెరను విడువడు. "మనము కొద్దిమందిమి, మన మాట ఎవరు విందురు?" అని మఱికొందఱందురు. 2011 జనాభా లెక్కలలో తెలుగువారు 8 కోట్ల 11 లక్షలు. ఈ సబ్‌టైటిల్సు వారందఱి పిల్లలకును, చెవి వినబడనివారికిని పనికివచ్చును. సంభాషణలు మొదటనే తెలుగున వ్రాసియుండునవి. ఇంగ్లీషునకు పెట్టిన శ్రమలో కొంత తెలుగునకు పెట్టుట ఆ సంస్థలకు పెద్ద భారము కాదు.

కావున పాఠకులకు నా మనవి యిది. తెలుగు చిత్రమును తెలుగుననే పెట్టుకొని చూడుడు. తెలుగు సబ్‌టైటిల్సు కావలెనని ఎవరి ఖాతానుండి వారు ఆయా సంస్థలకు వ్రాయుడు. పదిమంది చేవ్రాలుతో ఒక ఉత్తరము కంటె పది ఖాతాలనుండి పది ఉత్తరములు మేలు. చందా ముగిసిన దినమున దానంతటది మరల కట్టబడనీయక, చూడని వాటిని ఆపి, ఒక్కదానిని ఉంచుకొనుడు. ఆపునపుడు కారణమడిగినచో తెలుగు అక్షరములు లేవని వ్రాయుడు. మిగిలిన సొమ్ముతో ఒక పెద్దబాలశిక్ష కొనుడు.

మా చిన్నవాడు ఆ మరునాటినుండి రాత్రి కొట్టు మూసిన తరువాత నాయొద్ద కూర్చుండుచున్నాడు. గుణింతములకు వచ్చినాడు. నేను రెండు సంస్థలకు వ్రాసితిని, జవాబు రావలసియున్నది. మీలో ఎవరికి జవాబు వచ్చినను ఈ పత్రికకు తెలియజేయ ప్రార్థన.