రానివాళ్ళను ఎవరు పిలవాలి?

ప్రతి ఏడాది మన కాలేజీ బోర్డు మీద రెండు లెక్కలు చూస్తాం. ఎంతమంది చేరారన్నది ఒకటి. ఫలితాలొచ్చాక ఎంతమంది పాసయ్యారన్నది రెండోది. పాసైన అక్కల ఫొటోలు, పూలదండలు, పేడాల డబ్బాలు అన్నీ బాగుంటాయి. కానీ ఈ రెండింటి నడుమ ఇంకో లెక్క ఉంది. మొదటి ఏడాది మన పక్కన కూర్చుని, మూడో ఏడాదికి కనిపించకుండా పోయినవాళ్ళ లెక్క. పరీక్ష రాసిన వందమందిలో ఎనభైమంది పాసైతే మనం ఎనభై శాతం అని రాసుకుంటాం. పరీక్ష దాకా రానివాళ్ళు ఆ వందలోనే ఉండరు. ఫెయిలైనవాళ్ళలో కూడా వాళ్ళ పేరు రాదు.

వాళ్ళ గురించే ఈసారి గోడపత్రికలో రాయాలనిపించింది. నేను చెప్పదలుచుకున్నది చిన్న మాటే. చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు పిల్లే వచ్చి అడుగుతుందని ఎదురుచూడొద్దు. ఆమె అడగకముందే మనం ఆమెను పిలవాలి. ఆ పిలుపు మొదటి నెలలోనే రావాలి. ఆమె ఇంట్లో మాట్లాడే భాషలో రావాలి. ఈ చివరి పని మన తెలుగు శాఖ చెయ్యగలిగినట్టు ఈ కాలేజీలో ఇంకెవరూ చెయ్యలేరు.

“చదువు మానేసింది” అని ఒక్క మాటలో అంటాం గానీ, ఎవరూ ఒక్క రోజులో మానెయ్యరు. ముందు వారంలో రెండు రోజులు రాదు. తర్వాత ఒక ఇంటర్నల్ తప్పుతుంది. ఏటీకేటీ అనే మాట మనందరి నోట్లో నానుతూనే ఉంటుంది. ఒకటి రెండు సబ్జెక్టులు పోయినా పై తరగతికి పోనిస్తారు అన్నంతవరకే చాలామందికి దాని అర్థం తెలుసు. పోయిన సబ్జెక్టుకు ఫారం విడిగా నింపాలి, ఫీజు విడిగా కట్టాలి, దానికీ ఒక ఆఖరి తేదీ ఉంటుంది అని తెలిసేసరికి ఆ తేదీ దాటిపోతుంది. రెండు పేపర్లు నాలుగవుతాయి. నాలుగు పేపర్లు మిగిలినాయంటే క్లాసుకు రావడానికి సిగ్గు. సిగ్గుతో రాని రోజులు పెరుగుతాయి. ఇంతలో ఇంట్లో ఒక సంబంధం వస్తుంది. అప్పుడు అందరం “పెళ్ళి కుదిరింది, చదువు ఆగింది” అంటాం. నిజానికి చదువు అంతకు ఎన్నో నెలల ముందే ఆగింది. ఆ నెలల్లో ఎవరైనా ఒక్కసారి ఫోన్ చేసి ఉంటే అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యరు.

మన జిల్లాలో ఇట్లా జారిపోవడానికి కొన్ని సొంత కారణాలున్నాయి. ఎండాకాలం ముందర చంద్రపూర్, గడ్చిరోలి పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు తెలంగాణకు మిరపకాయలు ఏరను పోతాయి. కాలేజీ పిల్ల వాళ్ళతో పోకపోయినా చిన్న తమ్ముణ్ణి, మేకలను, ఇంటిని చూసుకుంటూ ఊళ్ళోనే ఉండిపోవాలి. అదే సమయంలో మన రెండో సెమిస్టర్ నడుస్తుంది. రాజురా, కోర్పనా, జివతి వైపు నుంచి వచ్చేవాళ్ళకు ఎస్టీ బస్సే దిక్కు. 2023 మార్చి నుంచి ఆడవాళ్ళకు ఎస్టీలో సగం టికెట్టు అయింది, అది పెద్ద సాయమే. కానీ బస్సు మన మొదటి పీరియడ్‌ను చూసుకుని బయలుదేరదు. రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చే పిల్ల రిజిస్టర్‌లో రాని పిల్లే.

తెలుగు ఇళ్ళకు ఇంకో చిక్కుంది. బల్లార్‌పూర్ పేపరు మిల్లుకు, ఘుగ్గుస్ వైపు బొగ్గు గనులకు, సిమెంటు ఫ్యాక్టరీలకు పనికోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఇళ్ళ పిల్లలం మనలో చాలామందిమి. స్కాలర్‌షిప్పు కోసం మహాడీబీటీలో ఫారం నింపితే కుల ధ్రువపత్రం అడుగుతుంది. మహారాష్ట్రలో ఆ పత్రం కావాలంటే మన పెద్దలు ఒక తేదీకి ముందే ఈ రాష్ట్రంలో ఉన్నట్టు రుజువు చూపాలి. ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబర్ 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబర్ 21, ఓబీసీలకు 1967 అక్టోబర్ 13. తాత 1972లో గనిలో చేరాడనుకోండి, మనవరాలికి ఇక్కడ ఆ పత్రం రావడం కష్టం. మన ఊరి నుంచి, అంటే తెలంగాణ నుంచో ఆంధ్ర నుంచో పత్రం తెచ్చినా ఇక్కడ అది అక్కరకు రాదు. 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో ఈ సంగతే తేల్చింది. ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపు ఉన్న కుటుంబం బొంబాయికి వచ్చింది. అక్కడి మెడికల్ కాలేజీ సీటు కోసం ఆ పిల్లవాడు రిజర్వేషన్ అడిగాడు. ఒక రాష్ట్రంలోని గుర్తింపు వలస వచ్చిన రాష్ట్రంలో చెల్లదని తీర్పు వచ్చింది.

ఆ తీర్పు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. నేననేది ఏమిటంటే, ఈ విషయం జులైలో తెలిసిన పిల్లకు దారులుంటాయి. ముత్తాత బడి రికార్డు వెతకొచ్చు. రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది కాబట్టి అటువైపువాళ్ళు పాత కాగితాల కోసం అక్కడ కూడా అడగొచ్చు. ఏదీ దొరక్కపోతే కులంతో సంబంధం లేని స్కాలర్‌షిప్పు చూసుకోవచ్చు, ఫీజు వాయిదాల్లో కడతానని ముందే అర్జీ పెట్టుకోవచ్చు. అదే విషయం ఫిబ్రవరిలో తెలిస్తే, ఏడాదంతా స్కాలర్‌షిప్పు మీద ఆశ పెట్టుకున్న ఇల్లు ఒక్కసారి బాకీ చూసి “ఇంక చాలు తియ్యి బిడ్డా” అంటుంది. సలహా ఒకటే. సమయానికి వస్తే డిగ్రీ, ఆలస్యమైతే ఓదార్పు.

ఇప్పుడు ఇంకో కొత్త తలుపు కూడా తెరుచుకుంది. కొత్త జాతీయ విద్యా విధానంలో ఏడాది చదివి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు ఆనర్స్. ఆగినవాళ్ళు మూడేళ్ళలోపు మళ్ళీ చేరవచ్చు, మొత్తం ఏడేళ్ళలో పూర్తి చెయ్యాలి. ఇది మంచి ఏర్పాటు. పెళ్ళయి మంచిర్యాలకో కాగజ్‌నగర్‌కో పోయిన పిల్ల చదివిన చదువు వృథా కాకుండా క్రెడిట్ల రూపంలో ఉండిపోతుంది. కానీ చెప్పేవాళ్ళు లేకపోతే ఇదే తలుపు బయటికి మాత్రమే తెరుచుకుంటుంది. “ఎట్లాగూ సర్టిఫికెట్ వస్తది కదా” అని ఇంట్లో ఆపేస్తారు. సర్టిఫికెట్ ఊరికే రాదని, దానికి కావలసిన క్రెడిట్లన్నీ పూర్తి కావాలని ఆ ఇంటికి ఎవరు చెప్పాలి? ఇదివరకు “చదువు మానేసింది” అనేవాళ్ళం. రేపు దాన్నే “ఎగ్జిట్ తీసుకుంది” అని మర్యాదగా రాసుకుంటాం. పేరు మారినంత మాత్రాన పిల్ల వెనక్కి రాదు.

అడగకముందే పిలిస్తే ఫలితం ఉంటుందా? ఉంటుందని వేరే దేశాల్లో చేసి చూపించారు. అమెరికాలో అట్లాంటా నగరంలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఉంది. పేద, నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా చదివే చోటు. 2003 నాటికి అక్కడ చేరిన వందమందిలో 32 మందే ఆరేళ్ళలోపు డిగ్రీ పూర్తి చేసేవాళ్ళు. 2014కు అది 54 అయింది. ఎన్నో మార్పులు చేశారు గానీ అందులో ముఖ్యమైనది ఇది. 2012 నుంచి ప్రతి విద్యార్థి వివరాలు రోజూ చూసి, ప్రమాదం కనిపించగానే సలహాదారు తానే పిలిచి మాట్లాడడం మొదలుపెట్టారు. కొద్దిపాటి ఫీజు బాకీతో పేరు పోయేటట్టున్న విద్యార్థులకు, వాళ్ళు అర్జీ పెట్టకముందే చిన్న మొత్తాలు ఇచ్చి నిలబెట్టారు.

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో ఇంకో పథకం పెట్టింది. ఫీజు లోటు పూడ్చారు, పుస్తకాల ఖర్చు చూశారు, సలహాదారును తరచుగా కలవడం తప్పనిసరి చేశారు. వాటితోపాటు నగర రవాణా పాసు కూడా ఇచ్చారు. చీట్లు వేసినట్టు విద్యార్థులను రెండు గుంపులు చేసి పరీక్షించి చూస్తే, ఈ పథకంలో ఉన్న వందలో 40 మంది మూడేళ్ళలో పూర్తి చేశారు, లేనివాళ్ళలో 22 మందే. చదువు నిలవాలంటే బస్సు పాసు కూడా పుస్తకమంత ముఖ్యమని అంత పెద్ద నగరంలో వాళ్ళకు అర్థమైంది. జివతి నుంచి వచ్చే పిల్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

మనకు వాళ్ళ కంప్యూటర్లు లేవు, అంత డబ్బు లేదు. అవసరమూ లేదు. మన శాఖలో ఒక్కో తరగతిలో ఉన్నది కొద్దిమందిమి. ఎవరు రావట్లేదో కంప్యూటర్ చెప్పక్కర్లేదు, బెంచి చూస్తే తెలుస్తుంది. న్యాక్ కోసం మెంటర్ల జాబితా ఇప్పటికే ఉంది. ఒక్కో మెంటర్‌కు ఎంతమంది విద్యార్థులో అందులో రాసి ఉంది. కానీ తన మెంటర్ ఎవరో తెలియని పిల్లలు మనలో ఉన్నారు. ఆ జాబితాను ఫైలులోంచి ఫోన్‌లోకి తేవాలని నా కోరిక.

సెమిస్టర్‌కు నాలుగు ఫోన్లు చాలు. మొదటి నెల అయ్యాక ఒకటి: రోజూ ఎట్లా వస్తున్నావు, స్కాలర్‌షిప్పు ఫారం ఎక్కడిదాకా వచ్చింది, కాగితాలు ఏమేమి ఉన్నాయి. మొదటి ఇంటర్నల్ అయ్యాక ఒకటి, తక్కువ మార్కులు వచ్చినవాళ్ళకు. పండుగ సెలవులకో, పనులకో ఊరికి పోయి వారం దాటినా రానివాళ్ళకు ఒకటి. ఎగ్జామ్ ఫారం ఆఖరి తేదీకి పది రోజుల ముందు ఇంకొకటి, ఏటీకేటీ ఉన్నవాళ్ళకు తప్పకుండా. ఈ తేదీలను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఈ గోడపత్రిక పక్కనే పెట్టాలి.

తెలుగులో అని ఎందుకంటున్నానంటే, మన ఇళ్ళకు కాలేజీ నుంచి వచ్చే కాగితం మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. నాయినలు బజారులో, పనిలో మరాఠీ మాట్లాడతారు. చాలామంది అమ్మలకు ఆ కాగితం చదవరాదు. ఆమెకు కాలేజీ అంటే బిడ్డ పొద్దున పోయి సాయంత్రం వచ్చే చోటు, అంతే. ఆమెతో “అమ్మా, మీ బిడ్డ బాగా చదువుతుంది, ఈ పది రోజులు పనికి పంపకండి, పరీక్ష ఫారం ఉంది” అని తెలుగులో చెప్పగలిగినవాళ్ళు ఈ కాలేజీలో మన మేడమ్‌లు, సార్లే. పద్యాలు, వ్యాకరణం చెప్పడం ఎంత తెలుగు శాఖ పనో, నా దృష్టిలో ఇదీ అంతే.

అయితే ఒక జాగ్రత్త ఉంది. మొదటి ఫోన్ పిల్లకే చెయ్యాలి. ఇంటికి ముందే “మీ అమ్మాయి క్లాసుకు రావట్లేదు” అని చెప్పారంటే, కొన్ని ఇళ్ళలో ఆ ఒక్క మాటతోనే చదువు బంద్. ఇంట్లో ఎవరితో మాట్లాడితే మేలు అన్నది ఆమెనే అడగాలి. అమ్మా, అన్నా, మేనత్తా అన్నది ఆమెకే తెలుసు. ఇంకోటి, సలహా అంటే “నీకు ఇది రాదు, వదిలెయ్” అని చెప్పడం కాకూడదు. తక్కువ మార్కులు ఎవరికి సాయం కావాలో చూపిస్తాయి. ఎవరిని పంపించెయ్యాలో అవి చెప్పవు.

మేడమ్‌లకు ఇప్పటికే పని ఎక్కువని నాకు తెలుసు. గంటల లెక్కన సీహెచ్‌బీ మీద పనిచేసేవాళ్ళను జీతం లేని ఫోన్లు కూడా చెయ్యమనడం న్యాయం కాదు. అందుకే ఈ పనికి టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక గంట కేటాయించాలి, ఆ గంటకు కూడా లెక్క కట్టాలి. కొందరు “డిగ్రీకి వచ్చిన పెద్ద పిల్లలు, వాళ్ళ బాధ్యత వాళ్ళది” అంటారు. ఒప్పుకుంటాను. కానీ మనలో చాలామందిమి మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం. అడగాల్సిన ప్రశ్న ఏదో తెలిస్తేనే కదా ఎవరైనా వెళ్ళి అడిగేది?

ఇక మన వంతు. పక్క బెంచి ఖాళీ అయిన సంగతి రిజిస్టర్ కంటే ముందు మనకు తెలుస్తుంది. వారం రోజులు రాకపోతే ఫోన్ చేద్దాం. నోట్సు ఫొటో తీసి పంపుదాం. “ఎందుకు వస్తలేవు” అని నిలదీయకుండా “ఎల్లుండి ఫారం తేదీ, కలిసి పోదాం” అందాం. మూడో ఏడాదివాళ్ళం ఒక్కొక్కరం మొదటి ఏడాదివాళ్ళను ఇద్దరిద్దరిని చూసుకుంటే, మేడమ్‌ల పని సగం తగ్గుతుంది.

శాఖాధిపతి గారికి నా విన్నపం ఒకటే. ఈ సెమిస్టర్ హాజరు పట్టీ తీసి, నెల రోజులుగా రానివాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాయించండి. ఎగ్జామ్ ఫారం తేదీ ఇంకా దాటలేదు. ఆ కాగితం మీద ఎన్ని పేర్లు ఉంటే అన్ని ఫోన్లు ఈ వారంలోనే చేద్దాం.