కీమో తర్వాత పెరిగే బరువు ఆమె తప్పు కాదు

రొమ్ము క్యాన్సర్ చికిత్స అయ్యాక కాస్త ఒళ్లు చేస్తే చుట్టాలు ‘కోలుకుంది’ అంటారు. ఇంకొంచెం చేస్తే ‘తిని కూర్చుంటే అంతే’ అంటారు. రెండూ పొరపాటే. క్యాన్సరంటే చిక్కిపోవడమే అనుకుంటాం గానీ, ఈ జబ్బుకు కీమో చేయించుకున్నవారిలో చాలామంది బరువు పెరుగుతారు. వాంతులు, రియాక్షన్లు రాకుండా కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ ఆకలిని పెంచుతుంది. నీరసంతో నడక తగ్గుతుంది. వయసులో ఉన్నవారికి అండాశయాలు దెబ్బతిని ముట్లు ముందే ఆగిపోవచ్చు. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కన్నా సుమారు 10 ఏళ్లు ముందే వస్తోంది కాబట్టి ఈ దెబ్బ మనవాళ్లకే ఎక్కువ. క్యాన్సర్ తిరగబెట్టకుండా వేసుకునే టామాక్సిఫెనే లావు చేస్తోందని ఆ మాత్ర మానేసేవారూ ఉన్నారు. ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన పెద్ద పరీక్షల్లో బరువులో తేడా కనిపించలేదు. ఏళ్ల తరబడి వేసుకోవాల్సిన ఆ మాత్రను అనుమానంతో మానడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

అసలు చిక్కు కాటా చూపించదు. తిండి ఎక్కువై లావైన మనిషికి కొవ్వుతో పాటు కొంత కండా పెరుగుతుంది. కీమో తర్వాత చాలామందిలో కొవ్వు చేరుతూనే కండ తరుగుతుంది, ముఖ్యంగా కాళ్లలో. బరువు రెండు కిలోలే పెరిగినా, కింద కూర్చున్న మనిషి చెయ్యి ఆన్చకుండా లేవలేకపోవడం ఇందుకే. పస్తులుంటే ఉన్న కండా పోతుంది, బలానికని గ్లూకోజు నీళ్లు పట్టిస్తే కొవ్వే చేరుతుంది. గుడ్డు, పప్పు, పెరుగుతో పాటు కండకు పనిచెప్పే వ్యాయామం కావాలి. బరువులెత్తితే ఆపరేషన్ జరిగిన వైపు చెయ్యి వాస్తుందన్న భయం చాలామందిది. అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం అప్పటికే చెయ్యి వాచిన 141 మందిపై చేసిన పరీక్ష 2009లో వెలువడింది. శిక్షకుల దగ్గర మెల్లగా బరువులు పెంచుకుంటూ పోయినవారికి వాపు ఎక్కువ కాలేదు సరికదా, అది ముదరడం వాళ్లలోనే తక్కువ.

ప్రాణం దక్కింది, ఇక బరువు సంగతెందుకని అడగవచ్చు. దక్కిన ప్రాణానికి గుండెజబ్బు, షుగరు చుట్టుకోకూడదనే. సన్నబడితే క్యాన్సర్ తిరగబెట్టదని గట్టిగా రుజువు కాలేదు, ఆ మాటతో ఆమెను భయపెట్టడం అన్యాయం. మందు మోతాదు కట్టడానికి కీమో వార్డులో ఎలాగూ ఎత్తూ బరువూ చూసి కేస్ షీట్లో రాస్తారు. ఆ అంకె మోతాదు లెక్క దగ్గరే ఆగిపోతోంది. మొదటి విడత నుంచే అది డైటీషియన్‌కూ ఫిజియోథెరపిస్టుకూ చేరాలి. ఆరోగ్యశ్రీ కీమోకు డబ్బు కడుతున్నప్పుడు, ఈ ఇద్దరి సేవనూ చికిత్సలో భాగంగానే లెక్కగట్టాలి.