ఎరువు తెచ్చిన ఎరుపు

కడప జిల్లా జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చుకొని పోయే చోటును మన పెద్దలు 'గండి' అన్నారు. దాని ఒడ్డున కోట వెలిసింది గనుక అది గండికోట అయింది. రెండక్షరాల మాట, నీరు కొండను తెంచిన కథ అంతా అందులో ఉంది. ఇప్పుడు ఆ చోటి ఛాయాచిత్రం ఎవరు చూపినా, కింద 'ఇండియన్ గ్రాండ్ కాన్యన్' అని రాయనిదే వారికి తృప్తి కలగడం లేదు. పేరుతోనే ఆగితే నేనింత శ్రమ పడకపోదును. పేరుకు తగ్గట్టుగా రాళ్ళకు రంగు కూడా పులుముతున్నారు. నా తగవు ఆ రంగుతో.

ఉద్యోగ విరమణ తర్వాత కెమెరా పట్టినవాణ్ణి నేను. గండికోటకు ఇప్పటికి ఏడుసార్లు వెళ్ళాను. ఎండల్లో వెళ్ళాను, వానలు వెలిశాక వెళ్ళాను, మాఘమాసపు మంచులోనూ వెళ్ళాను. ఎవరో పేర్చిపెట్టిన చదరపు బండల్లా పొరలుపొరలుగా ఉంటుంది ఆ రాయి. మిట్టమధ్యాహ్నం దానిది ఎండిన తాటాకు రంగు. వాన తడిపితే నల్లబెల్లం రంగు. సూర్యుడు పొడిచిన కొద్ది నిమిషాలు మాత్రం, వెలుగు తగిలిన అంచులు నారింజ వన్నెకు తిరుగుతాయి. అదే సమయంలో నీడలో ఉన్న గోడలు నీలిఛాయకు పోతాయి. వాటి మీద పడేది సూర్యకాంతి కాదు, ఆకాశపు వెలుగు. ట్రైపాడ్ నిలబెట్టి, చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా మనం కాచుకొని కూర్చునేది ఆ రెండు వన్నెల కలయిక కోసమే. కాబట్టి ఏ చిత్రంలోనైనా ఎండ తగిలిన రాయీ నీడలోని రాయీ ఒకే తీరున నిప్పుకణికల్లా మండుతుంటే, ఆ మంట సూర్యుడు పెట్టింది కాదని తెలుసుకోవచ్చు.

ఆమధ్య ఒక ఛాయాచిత్ర పోటీకి నా చిత్రం ఒకటి పంపాను. 'రంగులు చప్పగా ఉన్నాయి' అని తిరిగి వచ్చింది. బహుమతి పొందిన చిత్రం కూడా గండికోటదే. అందులో రాయి కుంకుమ, ఆకాశం నీలిమందు కలిపిన బిందె, పెన్నానీరు పటిక బెల్లం. ఓడినవాడి అక్కసు అంటారా? అనండి. కానీ ఆ రంగు ఎక్కడినుంచి వచ్చిందో అడగకుండా అనకండి. అది ఆరిజోనా రంగు. కొలరాడో నది కోసిన ఆ లోయలో ఎర్రని పొరలు నిజంగానే ఉన్నాయి. అక్కడి ఇనుము తుప్పు వాటికి ఆ వన్నె ఇచ్చింది. అది దాని సొంత సొమ్ము. మనవాళ్ళు దాన్ని ఎరువు తెచ్చి మన రాతికి తొడుగుతున్నారు. ఎర్రమల అనే పేరులోనే ఎరుపు ఉంది కదా అని ఒక మిత్రుడు వాదించాడు. ఉంది నాయనా, కావిరంగు కూడా తెలుగువాడికి ఎరుపే, ఎర్రమన్నూ ఎరుపే. ఆ ఎరుపును కుంకుమతో తుడిచేయడమే నేను వద్దంటున్నది.

నేను పిల్లలకు అలంకారాలు చెప్పి బతికినవాణ్ణి గనుక ఈ మాట ఆ పరిభాషలోనే చెబుతాను. ఉపమాలంకారంలో ఉపమేయం బతికే ఉంటుంది. ముఖం చంద్రుడిలా ఉందంటే ముఖం ఎక్కడికీ పోదు. ఉపమానం ఉపమేయాన్ని పూర్తిగా మింగి తానే మిగిలితే అది రూపకాతిశయోక్తి. కావ్యంలో అది శోభ, ఎందుకంటే వినేవాడికి అది అతిశయోక్తి అని తెలుసు. ఛాయాచిత్రం అలా రాదు, సాక్షిగా వస్తుంది. 'నేను అక్కడ ఉన్నాను, ఇలా ఉంది' అని చెబుతుంది. దానికి తగిన అలంకారం స్వభావోక్తి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలంకారమేమిటని భామహుడి కాలంనుంచీ సందేహించినవారు ఉన్నారు. దండి మాత్రం దాన్ని మొట్టమొదటి అలంకారంగా నిలబెట్టాడు. నేను దండి పక్షం.

ఆన్సెల్ ఆడమ్స్ మాత్రం మార్చలేదా అంటారు. మార్చాడు. 1927లో యోసెమిటీలోని హాఫ్ డోమ్ కొండను తీసినప్పుడు ఎర్రని ఫిల్టర్ వేసి పగటి ఆకాశాన్ని నల్లగా చేశాడు. అయితే అది నలుపు తెలుపు చిత్రం. లోకం నలుపు తెలుపుల్లో ఉండదని చూసేవాడికి ముందే తెలుసు. అక్కడ మోసపోయేవాడు లేడు. పైగా ఆ కొండను ఆయన ఇంకొక కొండ పేరుతో పిలవలేదు.

ఇక ఈ పోలికవల్ల మనకు ఒరిగిందేమిటో చూడండి. ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు 1,800 మీటర్లు దాటుతుంది. మన గండి లోతు సుమారు 300 అడుగులు. పోల్చిన క్షణమే మనది బొమ్మరిల్లు అయిపోతుంది. పోయినసారి నా పక్కన నిలబడిన ఒక యువజంట ఫోనులోని చిత్రాన్నీ ఎదుటి గోడనూ మార్చి మార్చి చూసి, 'ఇంతేనా?' అని వెనుదిరిగారు. పెన్నా వారి ముందే ఉంది, వారు చూడలేదు. (మనుచరిత్రలో ప్రవరుడు కాలి పసరు కరిగిపోయేదాకా హిమాలయాన్ని చూస్తూ తిరిగాడు. వీరు కారు ఏసీ చల్లదనం ఆరకముందే వెళ్ళిపోయారు.) గొప్పతనానికి వయసే కొలత అయితే, గ్రాండ్ కాన్యన్ పై అంచున ఉన్న సున్నపురాయి వయసు సుమారు 27 కోట్ల సంవత్సరాలు. గండికోట రాయి వంద కోట్లు ఏనాడో దాటింది. ఆ సంగతి ఏ చిత్రం కిందా రాయరు.

గండికోట వెళ్ళే మిత్రులకు నా మనవి ఇది. చిత్రం కింద 'పెన్నా గండి, గండికోట' అని రాయండి. తీసిన నెల, వేళ రాయండి. వెలుగునీడలు సరిదిద్దితే తప్పు లేదు, కెమెరాకు మన కంటికున్నంత ఓర్పు లేదు. రంగే మార్చితే ఆ మాట కూడా అక్కడే చెప్పండి. ఒప్పుకోనివారు మార్చకముందు చిత్రాన్నీ మార్చిన తర్వాతి చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూపండి, వాదనకు నేను సిద్ధం.