ఆంధ్రా నదికి వరద కావాలి

కామాటిపురా చాళ్లలో మనం ఎక్కువమంది తెలంగాణ బిడ్డలం. ఆంధ్ర అనగానే మనకు గుర్తొచ్చే సంగతులు వేరే. కానీ పుణె జిల్లా మావళ్ కొండల్లో ఆంధ్ర అనే నది ఒకటుంది. టాటాలు దాని మీద ఠోకర్‌వాడి ఆనకట్ట కట్టి, తూర్పుకు పోయే నీటిని పడమటి లోయలోకి దింపి, 1922లో భివ్‌పురిలో కరెంటు తీశారు. అంతకుముందే 1915లో ఖోపోలీ, తర్వాత 1927లో భీరా. మన తాతలు చెమటోడ్చిన బట్టల మిల్లులు ఆ కరెంటుతో తిరిగాయి.

ఆంధ్ర ఇంద్రాయణిలో, ఇంద్రాయణి భీమలో, భీమ రాయచూరు దగ్గర కృష్ణలో కలుస్తాయి. పాలమూరు అంచున పారే నీళ్లన్నమాట. మనలాగే ఆ నీళ్లూ బొంబాయికి వలస వచ్చాయి.

ఆ నదుల్లో బతికే మహసీర్ చేప గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. రాళ్ల సందుల్లో నీళ్లు ఆడుతుంటేనే గుడ్లకు ప్రాణవాయువు అందుతుంది. ఒండ్రు పూడితే అవి ఊపిరాడక చస్తాయి. ఒకప్పుడు వానాకాలపు వరదే ఆ ఒండ్రును ఊడ్చేది. ఇప్పుడు వరదను ఆనకట్ట పట్టి ఉంచుతుంది. పొలాల నుంచి, కొండ తవ్వకాల నుంచి వచ్చే మట్టి మాత్రం ఆగదు.

లోనావాలా దగ్గర వలవణ్‌లో టాటా సంస్థ 1970ల నుంచి మహసీర్ పిల్లల్ని పెంచుతోంది. మంచి పనే, కాదనం. అయితే ఆ పిల్లలు పెద్దవై ఎక్కడ గుడ్లు పెట్టాలి? ఆదికాండంలో ఫలించమనే దీవెన మనిషికంటే ముందు చేపలకూ పక్షులకూ దొరికింది. తొట్టిలో పుట్టించి నదిలో వదిలితే ఆ దీవెన నెరవేరినట్టేనా?

గంగ ఎగువ భాగానికి కేంద్రం 2018లో కనీస ప్రవాహం నిర్ణయించింది. కృష్ణా ఉపనదులకూ అలాంటిది కావాలి, కానీ అదొక్కటే చాలదు. ఏడాదంతా సన్నగా పారే నీరు ఒండ్రును కదిలించలేదు. కొన్ని రోజులు గట్టిగా వదలాలి. కాలిఫోర్నియాలో ట్రినిటీ నది కోసం హూపా ఆదివాసులు పోరాడాక, సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే గులకను కడిగేంత నీరు వదలాలని 2000లో నిర్ణయం జరిగింది.

ఇక్కడా ప్రతి వానాకాలం, దిగువ గ్రామాలకు ముందే చెప్పి, అలా వదలాలని మేము అడుగుతున్నాం. ఆ రోజుల్లో ముంబయికి కొంత కరెంటు తగ్గుతుంది, నిజమే. ఆ ఖర్చును మాల్స్, టవర్ల బిల్లుల్లో వేయండి. పదడుగుల గదిలో ఒక్క ఫ్యాను తిప్పుకునే కుటుంబం మీద కాదు.