స్టేజీ సరే, గది ఏది?

మన కాలేజీలో బ్యాండ్ అంటే ఏడాదికి ఒక్కసారి గుర్తొచ్చే వస్తువు. ఫెస్ట్ పోస్టర్ పడగానే వాట్సాప్ గ్రూపుల్లో "గిటార్ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని వెతుకులాట మొదలవుతుంది. ఒక ఆడిషన్, పదిహేను నిమిషాల స్లాట్, నాలుగు సినిమా పాటలు కలిపిన మాషప్, చివర్లో అందరూ కలిసి ఒక సెల్ఫీ. మళ్ళీ వచ్చే ఏడాది దాకా ఆ మాట ఎవరి నోటా వినపడదు. దీని మీద గొడవ పడే మావాళ్ళందరూ "ఇంకొంచెం స్టేజీ టైమ్ ఇవ్వండి" అని అడుగుతారు. నేను అడగను. మేమున్న పరిస్థితిలో పదిహేను నిమిషాలే ఎక్కువ. మాకు కావలసింది తలుపు వేసుకుని కూర్చోడానికి ఒక గది.

నేను గొప్ప మ్యుజీషియన్ని ఏమీ కాదు. మా హాస్టల్ బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తాను, తెలుగులో పాటలు రాస్తాను. రాయడం నాకెందుకు వచ్చిందంటే మిగతా నలుగురూ రాయమన్నారు కాబట్టి. ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీష్ మీడియమే, నా ఒత్తులు ఇప్పటికీ ఫోన్ కీబోర్డే సరిచేస్తుంది. అయినా ఈ గది గురించి మాట్లాడే హక్కు నాకుందనే అనుకుంటున్నాను, ఎందుకంటే గది లేకపోతే ఏమవుతుందో రెండేళ్ళుగా చూస్తున్నాను.

ఇండియన్ ఓషన్ పేరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పేరు తెలియకపోయినా 'బ్లాక్ ఫ్రైడే' సినిమాలో "బందే" పాట ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడే ఉంటుంది. ఢిల్లీ బ్యాండ్. గిటార్ వాయించే సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అషీమ్ చక్రవర్తి 1980ల్లోనే కలిసి వాయించడం మొదలుపెట్టారు. బ్యాండ్ పుట్టింది 1990లో. మరుసటి ఏడాది బేస్ గిటార్‌కి రాహుల్ రామ్ వచ్చాడు, 1994లో డ్రమ్స్‌కి అమిత్ కిలమ్ వచ్చాడు. మొదటి ఆల్బమ్ 1993లో. రెండోది 'డెజర్ట్ రెయిన్', 1997లో. మూడోది 'కందీసా', 2000లో. నాలుగోది 'ఝీనీ', 2003లో.

ఈ సంవత్సరాలు ఎందుకు వరసగా రాశానంటే, వాటి మధ్య ఖాళీలు చూడండి. నాలుగేళ్ళు, మూడేళ్ళు, మూడేళ్ళు. రీల్ పెట్టి రెండు రోజులు గ్యాప్ వస్తే అందరూ మర్చిపోయారేమో అని కంగారుపడే మన తరానికి ఇది వేరే గ్రహం సంగతిలా ఉంటుంది. ఆ ఖాళీలో వాళ్ళు షోలు చేశారు, సరే. షో లేని రోజుల్లో ఏం చేశారు? కూర్చున్నారు. ఒక ఇంట్లో, నలుగురూ. కరోల్ బాగ్‌లో ఒక పాత ఇల్లు, అడ్రస్ 16/330, ఖజూర్ రోడ్. ఏళ్ళ తరబడి వాళ్ళ ప్రాక్టీసు అంతా అక్కడే. అడ్రస్ అంత కచ్చితంగా నాకెలా తెలుసంటారా? వాళ్ళే దాన్ని ఆల్బమ్‌కి పేరుగా పెట్టేశారు. ప్రేమికురాలి పేరు కాదు, ఉద్యమం పేరు కాదు, డోర్ నంబర్. ఒక బ్యాండ్ తన పాటల పుట్టుక గురించి ఇంతకన్నా నిజాయితీగా ఏం చెప్పగలదు!

ఆ ఆల్బమ్ వెనక ఒక దుఃఖం కూడా ఉంది. 2009 డిసెంబర్ 25న అషీమ్ పోయాడు. నాకప్పుడు మూడేళ్ళు, నేను ఆయన్ని లైవ్‌లో చూసే ప్రశ్నే లేదు. అయినా ఆ గొంతు వింటుంటే ఇంట్లో పెద్దాయన ఎవరో పాడుతున్నట్టే ఉంటుంది. ఆయన పాడి ఉంచిన పాటలతో 2010లో '16/330 ఖజూర్ రోడ్' వచ్చింది. సీడీ అమ్మలేదు. నెలకి ఒక పాట చొప్పున వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టారు, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అంతకుముందు వాళ్ళ ఆల్బమ్‌లు హెచ్‌ఎంవీ, టైమ్స్ మ్యూజిక్ లాంటి కంపెనీల ద్వారా వచ్చాయి. ఈసారి ఆ దారే వదిలేశారు. స్పాటిఫై ఇంకా మన దేశానికి రాని రోజులు, గుర్తుపెట్టుకోండి. అదే ఏడాది జైదీప్ వర్మ వాళ్ళ మీద తీసిన 'లీవింగ్ హోమ్' డాక్యుమెంటరీ థియేటర్లలో రిలీజయింది. దొరికితే చూడండి. మిడ్స్ అయ్యాక చూడండి.

ఇప్పుడు మన లిటరరీ క్లబ్ వాళ్ళు చెవి ఇటు పెట్టాలి. ఆ బ్యాండ్ పాటల్లో మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే నాకు ఈర్ష్య కలుగుతుంది. "మా రేవా" నర్మదా లోయ జానపదం. రాహుల్ రామ్ ఐఐటీ కాన్పూర్‌లో చదివి, అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పిహెచ్‌డీ చేసి, తిరిగొచ్చి నర్మదా బచావో ఆందోళనలో పనిచేశాడు. ఆ లోయ పాట ఆయన వెంట వచ్చేసింది. "కందీసా" కేరళలోని సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, భాష అరమాయిక్. "హిల్లేలే" గోరఖ్ పాండే భోజ్‌పురి కవిత. "ఝీనీ" కబీరుది. "బందే" రాసింది పీయూష్ మిశ్రా. ఇవేవీ స్టేజీ మీద దొరికినవి కావు. షోకీ షోకీ మధ్య మనుషులు ఎక్కడెక్కడ తిరిగారో, ఏం చదివారో, ఎవరితో కూర్చున్నారో అక్కడ దొరికాయి. తర్వాత ఆ ఇంట్లో నలుగురి చేతుల్లో పడి నలిగి పాటలయ్యాయి.

మన దగ్గర సరుకు లేదా? వేమన ఉన్నాడు, గద్దర్ ఉన్నాడు, వంగపండు ఉన్నాడు, గోరటి వెంకన్న ఉన్నాడు. డప్పు ఉంది, జముకు ఉంది. మా బ్యాండ్ డ్రమ్మర్ వాళ్ళ నాన్న డప్పు వాయిస్తే వీడి నాలుగేళ్ళ డ్రమ్ క్లాసులు దండగ అనిపిస్తుంది. సరుకు లేక కాదు, వండుకోడానికి పొయ్యి లేక.

గది లేకపోతే ఏమవుతుందో ఇప్పుడు చెప్తాను. మేం ఐదుగురం. సిటీలో జామ్ ప్యాడ్ గంటకి నాలుగు వందలు. నెలకి రెండు ఆదివారాలు, రెండేసి గంటలు, అదీ పాకెట్ మనీ మిగిలితే. కీబోర్డ్ ఆటోలో పట్టదు కాబట్టి ఒకడు దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చోవాలి, ఆటో అన్న దానికి ఇంకో ముప్ఫై అడుగుతాడు. అక్కడికెళ్ళాక వైర్లు పెట్టుకుని, ట్యూన్ చేసుకుని, సౌండ్ సరిచూసుకునేసరికి ముప్పావు గంట హుష్. మిగిలిన గంటంపావులో ఏం చేస్తాం? కొత్త పాట కట్టడం మొదలుపెడితే, ఎవడికో ఒక కార్డ్ నచ్చదు, ఇంకొకడు లయ మార్చుదాం అంటాడు, నేను రాసిన లైను నోటికి తిరగడం లేదని సింగర్ మొహం పెడుతుంది. సరిగ్గా పాట ఎటో ఒక దిక్కుకి కదులుతోంది అనుకునేలోపు తలుపు మీద టకటక. తర్వాతి బ్యాచ్ వచ్చింది. పదిహేను రోజులకి మళ్ళీ కలిసేసరికి పోయినసారి ఏం తేల్చామో ఎవరికీ గుర్తుండదు. ఫోన్లో రికార్డ్ చేసింది వింటే ఫ్యాన్ సౌండే బాగా వినపడుతుంది.

అందుకే కవర్లు వాయిస్తాం. కవర్ పాటకి గది అక్కర్లేదు. ఎవడి రూములో వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని యూట్యూబ్ చూసి నేర్చుకుని, షోకి ముందురోజు కలిసి ఒక్కసారి వాయిస్తే చాలు. రిపో క్లోన్ చేసుకున్నట్టే, పని నడిచిపోతుంది. సొంత పాట అలా కాదు. దాన్ని చూసి నేర్చుకోడానికి అది ఇంకా ఎక్కడా లేదు కదా. అది మనుషులు ఒకచోట కూర్చుని, విసుక్కుని, అలిగి, టీ తాగొచ్చి మళ్ళీ కూర్చుంటేనే పుడుతుంది. "కాలేజీ బ్యాండులకి క్రియేటివిటీ లేదు, ఎప్పుడూ అవే పాటలు" అని పోయినేడు ఫెస్ట్ తర్వాత కొందరు స్టేటస్‌లు పెట్టారు. తప్పు క్రియేటివిటీది కాదు బాబూ, చదరపు అడుగులది.

కోడింగ్ విషయంలో కాలేజీకి ఈ సంగతి బాగా తెలుసు. ల్యాబ్ రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. హ్యాకథాన్ రోజున స్టేజీ ఇస్తాం, మిగతా ఏడాది కంప్యూటర్ ముట్టుకోవద్దు అని ఎవరైనా అంటే నవ్వుతాం. బాస్కెట్‌బాల్‌కి కోర్టు ఉంది. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఫెస్ట్ రోజున ఆకాశం నుంచి ఊడిపడాలి.

"జనం సినిమా పాటలే అడుగుతారు, మీ సొంత పాటలు ఎవడు వింటాడు" అనే మాట కమిటీలో ఉన్న ఫ్రెండే అన్నాడు. వాడిని తప్పు పట్టను. గ్రౌండ్ నిండాలి, స్పాన్సర్‌కి మొహం చూపించాలి, వాడి తలనొప్పి వాడిది. సినిమా పాటంటే నాకు చిన్నచూపు కూడా లేదు. ఇండియన్ ఓషనే సినిమాలకి చేసింది కదా, 'పీప్లీ లైవ్'లో కూడా వాళ్ళ పాట ఉంది. కానీ మన తెలుగులో ఒక చిత్రం జరుగుతుంది. హైదరాబాద్‌లో చౌరస్తా అని బ్యాండ్ ఉంది. 2020 లాక్‌డౌన్‌లో కరోనా జాగ్రత్తల మీద వాళ్ళ పాట మీ ఇంటి వాట్సాప్ గ్రూపులో కూడా తిరిగే ఉంటుంది, మా అమ్మమ్మ ఫోన్లో ఇంకా ఉంది. ఆ బ్యాండులో ఉన్న రామ్ మిరియాలే 2021లో 'జాతిరత్నాలు'లో "చిట్టి" పాడాడు. క్లాసులో అడిగి చూశాను. చిట్టి అందరికీ తెలుసు. చౌరస్తా అంటే ముగ్గురు చెయ్యెత్తారు, అందులో ఒకడు ఏదో జంక్షన్ అనుకున్నాడు. సినిమా లేకుండా పాట బతకగలదని మనం నమ్మం. మన పక్క రూమువాడు కట్టిన పాటని నాలుగు సార్లు వినే ఓపిక అలవాటైతే తప్ప ఆ నమ్మకం రాదు. ఆ పాట కట్టడానికి వాడికి చోటు ఉండాలి కదా, మళ్ళీ అక్కడికే వచ్చాం.

రెండో అభ్యంతరం ఇంట్లోవాళ్ళది. "ప్లేస్‌మెంట్స్ సంగతి చూడరా." దీనికి నా దగ్గర గొప్ప జవాబు లేదు. రాహుల్ రామ్ పిహెచ్‌డీ ఉదాహరణ మా నాన్నకి చెప్పాను, "ముందు నువ్వు ఆ పిహెచ్‌డీ చెయ్యి" అన్నారు. న్యాయమే. అయినా నేను అడుగుతున్నది చదువు మానేసే పర్మిషన్ కాదు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఒక గది తాళంచెవి. మాలో నలుగురు ఉద్యోగాల్లోకే వెళ్తాం, తెలుసు. వెళ్ళేలోపు ఒక్క పాటైనా మాది అని ఉండాలి.

ఇంకోటి. బ్యాండ్ అంటే మనుషులు మారుతుంటారు, మా సీనియర్లు వెళ్ళిపోతారు, కాబట్టి గది ఇచ్చినా దండగ అనేవాళ్ళున్నారు. అషీమ్ పోయాక ఇండియన్ ఓషన్‌లోకి హిమాంశు జోషి, తుహీన్ చక్రవర్తి వచ్చారు. 2013లో సుస్మిత్ సేన్ కూడా బయటికి వెళ్ళాడు, గిటార్ నిఖిల్ రావు తీసుకున్నాడు. 2014లో 'తందాను' ఆల్బమ్ వచ్చింది, ఆ తర్వాతి ఆల్బమ్ 'తూ హై' 2023లో. తొమ్మిదేళ్ళ గ్యాప్! మనుషులు మారారు, షోలు ఆగలేదు, పాట కట్టే అలవాటూ పోలేదు. మన దగ్గర సీనియర్ వెళ్ళిపోతే వాడితోపాటు ఆంప్లిఫయర్, ఆ పాటల నోట్‌బుక్, అన్నీ వెళ్ళిపోతున్నాయి, ఎందుకంటే అవి వాడి రూములో మంచం కింద ఉంటాయి కాబట్టి. జూనియర్లు మళ్ళీ సున్నా నుంచి మొదలు.

గది ఎక్కడ అంటారా, చూసి పెట్టాం. మెకానికల్ వర్క్‌షాప్ వెనక పాత స్టోర్ రూమ్. విరిగిన బెంచీలు, రెండు డెడ్ ప్రింటర్లు, ఒక పిల్లి. హాస్టల్‌కి, క్లాసులకి దూరం, అదే దాని అందం. గుడ్ల అట్టలు గోడలకి అంటిస్తే సౌండ్ బయటికి రాదని కొందరు సలహా ఇచ్చారు. అది ఉత్త మాట. అట్టల వల్ల లోపల ప్రతిధ్వని కాస్త తగ్గుతుందేమో గానీ, సౌండ్‌ని ఆపాలంటే బరువైన గోడ, సందుల్లేని తలుపు ఉండాలి. ఆ గదికి పాతకాలం మందపాటి గోడలు ఉన్నాయి. తలుపు కింద సందుకి మా దగ్గర పాత పరుపు ఉంది. కాలేజీ పైసా పెట్టక్కర్లేదు, ఒక ప్లగ్ పాయింట్ తప్ప.

మేం ఒప్పుకునే షరతులు కూడా రాసిచ్చాం. రిజిస్టర్‌లో సంతకం, తొమ్మిదికి తాళం, ఏ బ్యాండైనా గంట ముందు బుక్ చేసుకోవాలి, పరీక్షల వారంలో మూసివేత. దానికి నేను సొంతంగా ఒకటి చేర్చాను: గది వాడుకునే ప్రతి బ్యాండూ సెమిస్టర్‌కి ఒక్క సొంత తెలుగు పాట కట్టి క్యాంటీన్ ముందు వాయించాలి, మైకుల్లేకుండా. మావాళ్ళే దీనికి గొణిగారు.

దరఖాస్తు స్టూడెంట్ అఫైర్స్ ఆఫీసులో ఉంది. సంతకాల షీట్ క్యాంటీన్ కౌంటర్ పక్కన క్లిప్‌బోర్డుకి వేలాడుతోంది, పెన్ను ఇప్పటికే రెండుసార్లు మాయమైంది, మీదే తెచ్చుకోండి. కవిత్వం రాసేవాళ్ళు షీట్ వెనక మీ రూమ్ నంబర్ కూడా రాయండి. మా దగ్గర ఒక పల్లవి, ఒక చరణం ఉన్నాయి, ఆగస్టు నుంచి రెండో చరణం దగ్గరే ఆగిపోయాం.