తప్పులున్నయని గోదాట్ల కలపకండి

మొన్న ల్యాబ్‌లో మా మేడం ఆరు రికార్డులు పక్కపక్కన పెట్టి రెండు నిమిషాల్లో మా గుట్టు బయటపెట్టింది. రీడింగులు కరెక్టుగా ఉన్న చోట ఆమె ఆగనే లేదు. 4.7 ఉండాల్సిన చోట ఆరింటిలోనూ 7.4 ఉంది. "కరెక్ట్ ఆన్సర్ అందరికీ వస్తది. ఒకే తప్పు ఆరుగురికి ఎట్లొస్తది?" అని అడిగింది. అందరం ఒకే సీనియర్ రికార్డు దించామని ఒప్పుకోక తప్పలేదు.

ఇదే లాజిక్‌ను విలియం ఫెరార్ అనే డబ్లిన్ ప్రొఫెసర్ 1868లో బైబిల్ రాతప్రతుల మీద ప్రయోగించాడు. అచ్చుయంత్రం రాకముందు గ్రీకు సువార్తలను చేత్తో రాసుకునేవాళ్లు. తొమ్మిదో శతాబ్దం నుంచి చిన్న అక్షరాలను కలిపి రాసే పద్ధతి వ్యాపించింది. ఆ ప్రతులను మినస్క్యూల్స్ అంటారు. పండితులు వాటికి పేర్లకు బదులు నంబర్లు ఇచ్చారు. 13, 69, 124, 346 నంబర్ల ప్రతులు పారిస్, లెస్టర్, వియన్నా, మిలాన్ నగరాల్లో ఉన్నాయి. వాటిని రాసిన కాలాలు 11 నుంచి 15వ శతాబ్దం దాకా ఉన్నాయి. అయినా నాలుగింటిలోనూ ఒకే రకం తేడాలు కనిపించాయి. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ మామూలుగా యోహాను సువార్తలో ఉంటుంది. వీటిలో మాత్రం లూకా 21వ అధ్యాయం తర్వాత ఉంది. అంటే ఈ నాలుగూ ఎప్పుడో పోయిన ఒక్క తల్లి ప్రతి పిల్లలు. ఆ తల్లి ఎలా ఉండేదో ఈ పిల్లల తేడాలను బట్టే ఊహించగలిగారు.

వీటిలో లెస్టర్ ప్రతికి మత్తయి మొదటి 17 అధ్యాయాలే లేవు. అయినా ఎవరూ పారేయలేదు. నంబర్ ఇచ్చి దాచారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన తెలుగు కంద పద్యాలు రాయి కాబట్టి నిలిచాయి. తాటాకు అట్లా ఆగదు. పురుగు తింటది, చెమ్మ తింటది. ఎవరో ఒకరు గంటంతో మళ్లీ రాస్తేనే బతుకుతది.

మా బాపమ్మ ఇంట్లో అటక మీద ఎర్రగుడ్డలో ఒక తాటాకుల కట్ట ఉండేది. మాది ధర్మపురి దగ్గరి ఊరు. 2015 గోదావరి పుష్కరాలప్పుడు ఊళ్లో చదువుకున్న పెద్దాయన ఒకాయన దాన్ని విప్పి చూశాడు. "నరసింహ శతకం బిడ్డా. సగం ఆకులు లేవు, ఉన్నయాట్ల అన్నీ తప్పులే. అచ్చు పుస్తకం దొరుకుతది గదా" అన్నడు. పవిత్రమైనది చెత్తలో వేయొద్దని మావాళ్లు పసుపు కుంకుమ పెట్టి గోదాట్ల వదిలిన్రు. నేనే మెట్ల మీద నిలబడి చప్పట్లు కొట్టిన. అప్పుడు ఐదో తరగతి.

శతకం రాసిన శేషప్ప కవిది ధర్మపురే. ఆయన ఊరి పక్క ఇంట్లో ఉన్న ప్రతి అది. ఆ తప్పులు లేఖకుడివా, లేక అచ్చులో మారిపోయిన పాత పాఠాలా? ఇంకో ప్రతి పక్కన పెట్టి చూస్తే తెలిసేది. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకు చేసిన పని అదే. ఎన్నో ప్రతులు తెప్పించి, పోల్చి, 1829లో అచ్చు వేయించాడు. మా కట్టతో అలా పోల్చే అవకాశం ఇక లేదు.

"ఇవన్నీ లైబ్రరీల పని, మనకెందుకు?" అంటారు కొందరు. హైదరాబాద్‌లో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. కేంద్ర ప్రభుత్వం 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ కూడా మొదలుపెట్టింది. కానీ మీ నానమ్మ అటక మీద ఏముందో వాళ్లకెట్ల తెలుస్తది? అది తెలిసేది మీకే.

అందుకే నా మాట ఒక్కటే. ఈ దసరాకు జగిత్యాల, మంథని, నిర్మల్, ఎక్కడికి పోయినా ఒకసారి ఇంట్లో అడగండి. కట్ట దొరికితే నూనెలు పూయకండి, అతుక్కున్న ఆకులను లాగకండి. పక్కన స్కేలు పెట్టి, వరుస తప్పకుండా, రెండు వైపులా ఫొటోలు తీయండి. ఊరి పేరు, ఆకుల లెక్క రాసుకోండి. మన క్లబ్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, మొదటి దానికి 1 అని నంబర్ ఇద్దాం. తప్పులున్నా సరే, సగమే ఉన్నా సరే.