భూగోళ విశేషములు: ఉత్తరధ్రువపు దారిలో పురిటి ప్రయాణము

నార్వే దేశపు టుత్తర భాగమున ట్రోమ్సో యను పట్టణము గలదు. అచ్చట విమానమెక్కి సముద్రముమీదుగా ఇంకను ఉత్తరమునకు బోయినచో స్వాల్‌బార్డ్ ద్వీపములు వచ్చును. అందలి ముఖ్యమైన యూరు లాంగియర్‌బియెన్. జనము సుమారు 2,500. ప్రయాణికుల విమానములు వేళప్రకారము వచ్చి పోవు విమానాశ్రయములలో, ప్రపంచమున అన్నిటికంటె ఉత్తరమున నున్నది ఈ యూరిదే.

ఈ రెండూళ్ల నడుమ ఆకాశమార్గమున దూరము సుమారు 960 కిలోమీటర్లు. బడిగోడలకు వ్రేలాడు పటములలో పెక్కు ఉత్తరమునకు బోయినకొలది భూమిని సాగదీసి చూపును. అట్టి పటమున ఈ దూరము అసలుకు మూడున్నర రెట్లకు పైగా కనబడును! గోళము దొరకినచో దానిపై దారము పరచి కొలుచుట మేలు. పిల్లలకును వేడుకగా నుండును.

విమానము గంటకు 800 కిలోమీటర్ల చొప్పున పోవుననుకొన్నచో గంటా 12 నిమిషములు చాలునని లెక్క తేలును. కాని ప్రయాణమునకు సుమారు గంటా 40 నిమిషములు పట్టును. నిలిచిన తావు విడిచి పరుగుబాటకు వచ్చుట, పైకెక్కుట, దిగుట, మరల నిలుచు తావు చేరుట యన్నియు నందు జేరును. రెండుచోట్లను కాలమొక్కటే గనుక గడియారపు ముల్లు త్రిప్పబనిలేదు. స్వాల్‌బార్డ్ నార్వే యేలుబడిలోనిదే యైనను షెంగెన్ యొప్పందమునకు వెలుపలిది. కావున పాస్‌పోర్టు తనిఖీకి కొంత వేళ పోవును. దారిపొడుగునను సముద్రమే. నడుమ ఎలుగుబంటి ద్వీపమని పేరుగల చిన్న దీవి యొక్కటి గలదు.

ఈ విమానాశ్రయము 1975లో తెరవబడినది. అంతకుముందు శీతకాలమున సముద్రము గడ్డకట్టి యోడలు రాక, ఊరు నెలలతరబడి వేరుపడి యుండెడిది. 1959లో ఒకరికి జబ్బు ముదిరినప్పుడు ఊరివారు లోయలో గడ్డకట్టిన నేలను చదునుచేసి సైనిక విమానమును దింపించుకొనిరి.

ఇప్పుడు విమానములు వచ్చుచున్నవి, ఆసుపత్రియు గలదు. అయినను అందు పురుళ్లు పోయు ఏర్పాటు లేదు. అచ్చట బిడ్డను కనుట చట్టవిరుద్ధమని కొందరు చెప్పుదురు గాని యది కట్టుకథ. అట్టి చట్టమేదియు లేదు. సదుపాయము లేకపోవుటయే కారణము. కాన్పు కష్టమైనచో పెద్దాసుపత్రి ట్రోమ్సోలో నున్నది. అక్టోబరు చివరనుండి ఫిబ్రవరి నడుమవరకు సూర్యుడుదయింపని చోట, పెనుగాలియు మంచును కమ్మినప్పుడు విమానము ఎప్పుడు కదలునో యెవరు చెప్పగలరు? నొప్పులు వచ్చిన పిమ్మట పిలుచుకొనదగిన బండి కాదది.

అందుచేత గర్భిణి నెలలు నిండుటకు మూడు వారములు ముందుగనే ప్రధానభూమికి చేరవలయును. మన యిండ్లలో పురిటికి పుట్టింటికి బోవుట యొక ముచ్చట. ఆమెకు అవతల తల్లి యెదురుచూచుచుండవచ్చును, లేదా పరాయియూర అద్దెగదియే గతి కావచ్చును. ఇంట పెద్దబిడ్డ యున్నచో వానిని వెంటగొనిపోవుటయా, తండ్రికి విడుచుటయా? తండ్రికి సెలవు దొరకుట యెన్నడు? పటముపై దూరము కొలుచువా రీ లెక్క వేయరు. మూడు వారములు ఎదురుచూచుట, కాన్పు, పిదప తేరుకొనుట కలిపినచో నెలకు తక్కువ కాదు. అటుపిమ్మట పొత్తిళ్లలో బిడ్డతో తిరుగుప్రయాణము మాత్రము మరల గంటా 40 నిమిషములే.